పోజీ ఉందంటే చాలదు, మూత తీసి చూపించండి

అమెరికాలో పాత పికప్ ట్రక్కు బేరానికెళ్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "దీనికి పోజీ ఉంది!" ఆ మాట చెవిన పడగానే కొనేవాడి కళ్ళు మెరుస్తాయి, ధర ఒక మెట్టు పైకెక్కుతుంది. ఏ పోజీ? ఎవరు చేసింది? లోపల ఏముంది? ఇప్పటికీ పనిచేస్తోందా? ఇవేవీ అడిగే నాథుడు ఉండడు. అడిగితే అమ్మేవాడు కూడా బిత్తరపోతాడు, ఎందుకంటే అతను కొన్నప్పుడు కూడా ఎవరో ఆ మాటే చెప్పారు, అతనూ అడగలేదు.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టేవాళ్ళు తిట్టుకోవచ్చు. ఒకటి, పోజీ అన్నది వస్తువు పేరు కాదు, అమ్మకం పేరు. దాని వెనక నాలుగైదు వేర్వేరు యంత్రాలున్నాయి, ఒకదాని గుణం ఇంకోదానికి లేదు. రెండు, ఖాళీ తొట్టితో రోడ్డు మీద తిరిగే పాత పికప్‌కి పూర్తి లాకర్ వేయించుకోవడం అంటే డబ్బులిచ్చి మరీ ప్రమాదం కొనుక్కోవడం. ఈ మధ్య మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో కూడా ఈ పాత బళ్ళ పిచ్చి మొదలయ్యింది. నాకు తెలిసినవాళ్ళే నలుగురున్నారు. వాళ్ళ కోసమే ఈ గోలంతా.

అసలు డిఫరెన్షియల్ ఎందుకు? బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఎడ్లబండికి ఈ సమస్య లేదు, ఏ చక్రం దారి దానిదే, ఇరుసు మీద దాని పాటికది తిరుగుతుంది. ఇంజను రెండు చక్రాల్నీ తిప్పాలన్నప్పుడే చిక్కు. డిఫరెన్షియల్ ఆ చిక్కు విప్పుతుంది: రెండు చక్రాలకీ బలం పంచుతూనే, వేగం తేడాగా ఉండనిస్తుంది.

ఇక్కడే మొదటి అబద్ధం. "మామూలు డిఫరెన్షియల్‌లో పవరంతా జారే చక్రానికే పోతుంది" అని అందరూ చెప్తారు. తప్పు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానమైన టార్క్ ఇస్తుంది. అదే దాని గొప్పతనం, అదే దాని దరిద్రం. కాడికి రెండెడ్లు కట్టారనుకోండి. కాడి నడిమధ్యలోంచి లాగుడు అందుతోంది. ఎడమెద్దు కాళ్ళు బురదలో జారి లాగడం మానేస్తే కుడిది ఎంత బలమైనదైనా దాని బలం బండికి అందదు. కాడి అటు తిరిగిపోతుంది, అంతే. బలహీనమైనది ఎంత లాగితే బలమైనదీ అంతే లాగగలదు. బురదలో ఉన్న చక్రం 50 మాత్రమే మోయగలిగితే, గట్టినేల మీదున్న చక్రానికీ 50 మాత్రమే అందుతుంది. మొత్తం 100. బండి కదలదు.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఈ సమానత్వాన్ని కొంచెం చెడగొడుతుంది. జారే చక్రం కన్నా పట్టున్న చక్రానికి ఎక్కువ టార్క్ అందేలా చూస్తుంది. ఎంత ఎక్కువ, ఏ పద్ధతిలో, ఎప్పుడు, అన్నదాంట్లోనే తేడాలన్నీ ఉన్నాయి. ఆ తేడాల్ని 'పోజీ' అనే ఒక్క మాట కింద తొక్కేశారు.

పేర్ల గోల చూడండి. షెవర్లే వాళ్ళు పాజిట్రాక్షన్ అన్నారు. పాంటియాక్ వాళ్ళు సేఫ్-టి-ట్రాక్ అన్నారు. ఫోర్డ్ వాళ్ళు ముందు ఈక్వా-లాక్, తర్వాత ట్రాక్షన్-లాక్ అన్నారు. క్రైస్లర్ వాళ్ళు ష్యూర్-గ్రిప్ అన్నారు. వీటిల్లో షెవర్లే పేరే గెలిచింది. మనవాళ్ళు ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు, ఇక్కడ ఏ డిఫరెన్షియల్‌నైనా పోజీ అంటారు. 1992లో వచ్చిన 'మై కజిన్ విన్నీ' సినిమాలో మరిసా టోమే కోర్టు బోనులో నిలబడి పాజిట్రాక్షన్ గురించి పాఠం చెప్పాక ఇక అడ్డే లేకపోయింది. సినిమా బాగుంటుంది, ఆవిడకి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ దాన్ని చూసి "రోడ్డు మీద రెండు నల్ల గీతలు పడితే పోజీ" అని తీర్మానించుకున్నవాళ్ళకి లెక్కలేదు.

పేరు సంగతి అలా ఉంచండి, కంపెనీ కోడ్ కూడా మోసం చేస్తుంది. జనరల్ మోటార్స్ వాళ్ళ ఆప్షన్ కోడ్ జి80. 1972 షెవర్లే సి10 ట్రక్కుకి జి80 ఉంటే లోపల ఉండేది క్లచ్ పలకలతో చేసిన పాజిట్రాక్షన్. 1973 నుంచి వాళ్ళ ట్రక్కుల్లో అదే జి80 కింద వచ్చింది ఈటన్ వాళ్ళ ఆటోమేటిక్ లాకర్, దాన్నే గవ్-లాక్ అంటారు. ఇది పూర్తిగా వేరే జంతువు. మామూలుగా తిరిగేటప్పుడు ఇది మామూలు డిఫరెన్షియల్ లాగే ఉంటుంది. రెండు చక్రాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లోపలున్న చిన్న బరువులు విచ్చుకుని, ఒక కొక్కేన్ని తగిలించి, రెండు చక్రాల్నీ కలిపి బిగించేస్తుంది. బండి గంటకి సుమారు 20 మైళ్ళు దాటితే ఆ కొక్కెం తగలకుండా ఇంకో ఏర్పాటు అడ్డుపడుతుంది. మనం కోడ్ రాసేటప్పుడు ఫంక్షన్ పేరు అలాగే ఉంచి లోపలంతా మార్చేస్తే తర్వాత వచ్చేవాడు తల బాదుకుంటాడు చూడండి, అచ్చం అదే పని. మన దేశంలో 2020లో వచ్చిన కొత్త థార్‌ ఖరీదైన వేరియంట్లలో ఇచ్చిన మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ కూడా ఈ జాతిదే. బురదలో ఇరుక్కుని చక్రం తిప్పితే 'టక్'మని శబ్దం వచ్చి బండి బయటికొస్తుంది.

ఇప్పుడు పరీక్షల సంగతికొద్దాం. అసలు నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

అందరూ చెప్పే పరీక్ష: వెనక రెండు చక్రాలూ పైకి లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది అదే దిక్కుకి తిరిగితే పోజీ ఉన్నట్టు, ఎదురు తిరిగితే లేనట్టు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. నిజానికి ఈ పరీక్ష చెప్పేది ఒక్కటే: ఆ క్షణాన రెండు పక్కల మధ్య రాపిడి ఉందా లేదా. క్లచ్ పలకలు అరిగిపోయిన పాజిట్రాక్షన్ కూడా ఎదురు తిరుగుతుంది. గవ్-లాక్ ఆరోగ్యంగా ఉన్నా ఎదురే తిరుగుతుంది, ఎందుకంటే చేత్తో మెల్లగా తిప్పే వేగానికి దాని బరువులు విచ్చుకోవు. ట్రూట్రాక్ లాంటి గేర్లతో పనిచేసే రకం కూడా బరువు పడనప్పుడు మామూలు డిఫరెన్షియల్ లాగే ప్రవర్తిస్తుంది. మరోపక్క, స్పైడర్ గేర్లకి వెల్డింగ్ కొట్టి పారేసిన బండి ఈ పరీక్షలో నూటికి నూరు మార్కులతో పాసవుతుంది!

మా స్నేహితుడొకడి దగ్గర 1978 షెవర్లే పికప్ ఉంది. దగ్గర్లో ఒక షాపువాళ్ళు ఈ చక్రం తిప్పే పరీక్ష ఒక్కటే చేసి "మీ పోజీ చచ్చిపోయింది, కొత్తది వేయాలి" అని అంచనా చీటీ చేతిలో పెట్టారు. మూత మాత్రం తీయలేదు. తీయమని పట్టుబట్టి తీయిస్తే లోపల నిక్షేపంలాంటి గవ్-లాక్ కూర్చుని ఉంది. ఆ షాపువాడు మోసగాడో, తెలియనివాడో నేను చెప్పలేను. జేబుకి మాత్రం రెండూ ఒకటే.

ఇక నల్ల గీతల పరీక్ష. రోడ్డు రెండు పక్కలా ఒకే పట్టు ఉంటే మామూలు డిఫరెన్షియల్ కూడా ఒక్కోసారి రెండు గీతలూ గీస్తుంది. గవ్-లాక్ గీస్తుంది. వెల్డింగు బండి గీస్తుంది. గీతల్ని చూసి లోపలి యంత్రం పేరు చెప్పడం, పొగని చూసి వంటింట్లో ఏ కూర ఉడుకుతోందో చెప్పడం లాంటిది.

మరి ఏం చెయ్యాలి? వరసగా చెప్తాను.

మొదట కాగితం. ఆ కాలపు షెవర్లే ట్రక్కుల్లో గ్లవ్ బాక్స్ మూత లోపలి వైపు ఒక పట్టీ అతికించి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఏమేం ఆప్షన్లు వేశారో అందులో ఉంటాయి. జి80 ఉందా, గేర్ రేషియో ఎంత, చూసుకోండి. ఫోర్డ్ ఎఫ్100 అయితే ఇరుసు బోల్టుకి ఒక చిన్న రేకు తగిలించి ఉంటుంది. దాని మీద 3ఎల్50 అని ఉంటే రేషియో 3.50, మధ్యలో ఉన్న ఎల్ అక్షరం లిమిటెడ్ స్లిప్‌కి గుర్తు. కానీ కాగితాన్ని చివరిదాకా నమ్మకండి. 1972 బండికి 50 ఏళ్ళు దాటాయి. ఇన్నేళ్ళలో ఎంతమంది చేతులు మారిందో, ఎవరు ఏ పాత సామాన్ల కొట్టు నుంచి ఏ ఇరుసు తెచ్చి తగిలించారో ఎవరికి తెలుసు. కాగితం పుట్టుక చెప్తుంది, ఇప్పటి సంగతి చెప్పదు.

రెండోది ఇరుసు ఏ జాతిదో తేల్చుకోవడం. వెనక మూత చుట్టూ బోల్టులు లెక్కపెట్టండి. సి10లో సాధారణంగా కనిపించేది 12 బోల్టుల ఇరుసు. రింగ్ గేర్, అంటే మన మెకానిక్కులు క్రౌన్ అనేది, 8.875 అంగుళాలు. జాగ్రత్త, కార్లకి వేసిన 12 బోల్టుల ఇరుసు, ట్రక్కులకి వేసింది ఒకటి కాదు. కారు దాంట్లో పినియన్ కాడ లావు 1.675 అంగుళాలు, ట్రక్కు దాంట్లో 1.438. "పన్నెండు బోల్టులే కదా, పట్టేస్తుందిలే" అని కమారో కారు సామాను ఆర్డరిచ్చేసేవాళ్ళు ఇది కాస్త గుర్తుంచుకోండి. ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసుకి వెనక తీసే మూతే ఉండదు. గేర్ల ముద్ద మొత్తం ముందు వైపు నుంచి ఊడి వస్తుంది. బల్ల మీద పెట్టుకుని హాయిగా సర్దుకోవచ్చు, అందుకే దానికంత అభిమానులు.

మూడోది, అసలైనది: మూత తీయడం. బోల్టులు వదులు చేసి, నూనె పళ్ళెంలోకి వదిలి, టార్చిలైటు వేసి చూడండి. లోపల రెండు పలకల మధ్య స్ప్రింగులు కనిపిస్తే అది క్లచ్ రకం. ఒక పక్క చిన్న బరువులతో గవర్నర్, దానికెదురుగా కొక్కెం కనిపిస్తే గవ్-లాక్. స్పైడర్ గేర్లు, వాటి మధ్య అడ్డ కడ్డీ తప్ప ఏమీ లేకపోతే మామూలుది. స్పైడర్ గేర్లే కనబడకుండా, మందపాటి డబ్బాలో ఏటవాలు పళ్ళ గేర్లు ఉంటే ట్రూట్రాక్ లాంటిది. గేర్ల మీద వెల్డింగ్ పేరుకుని కనిపిస్తే మూత పెట్టేసి, నమస్కారం పెట్టి, ఇంటికెళ్ళిపోండి. ఒక కొత్త గాస్కెట్, కాస్త నూనె, ఒక గంట. వేల డాలర్ల బేరంలో ఇదా ఖర్చు? మూత తీయనివ్వని అమ్మకందారు దగ్గర 'పోజీ' మాటకి పైసా కూడా కట్టకండి. మామూలు డిఫరెన్షియల్ ధరకే అడగండి.

క్లచ్ రకమే అని తేలితే అది బతికుందో లేదో చూడటానికి చెయ్యి చాలదు. ఒక చక్రం నేల మీద, ఒకటి పైన ఉంచి, ముందు చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో, టార్క్ రెంచితో పై చక్రాన్ని తిప్పి, ఎంత బలానికి కదిలిందో చూసి ఆ బండి షాప్ మాన్యువల్‌లో సంఖ్యతో పోల్చుకోవాలి. ఇంకొక్క మాట: ఒక చక్రం మాత్రమే జాకీ మీద ఉన్నప్పుడు ఇంజను వేసి గేరు మాత్రం వేయకండి. లిమిటెడ్ స్లిప్ ఉంటే నేల మీదున్న చక్రం బండిని జాకీ మీంచి దూకిస్తుంది.

సరే, తెలిసింది. ఇప్పుడు కొత్తది కొనాలంటే ఏది?

క్లచ్ రకం: పాతకాలపు పాజిట్రాక్షన్‌కి వారసుడు. ఒక చక్రం పూర్తిగా గాల్లో ఉన్నా స్ప్రింగుల బిగింపు వల్ల రెండోదానికి కొంత బలం అందుతుంది. కానీ పలకలు అరుగుతాయి, నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలి. కలపకపోతే పార్కింగ్ స్థలాల్లో మలుపు తిప్పినప్పుడల్లా వెనక నుంచి గరగరమని మూలుగుతుంది. మంచి విషయం, పలకలు మార్చి మళ్ళీ బతికించుకోవచ్చు.

గేర్ల రకం, ట్రూట్రాక్ లాంటిది: అరిగే పలకలుండవు, మాడిఫయర్ అక్కర్లేదు. చప్పుడు లేకుండా, మెల్లగా, పట్టున్న చక్రానికి రెట్టింపో మూడింతలో టార్క్ పంపుతుంది. లోపం ఏమిటంటే ఇది గుణకారం చేసే యంత్రం. జారే చక్రం దగ్గర 50 ఉంటే రెండోదానికి 150 ఇవ్వగలదు. చక్రం గాల్లో ఉండి సున్నా అయితే, సున్నాని దేనితో గుణించినా సున్నానే. అప్పుడు బ్రేకు కాస్త నొక్కిపెట్టి యాక్సిలరేటర్ ఇస్తే ఆ సున్నా కాస్తా ఏదో ఒక అంకె అవుతుంది, బండి కదులుతుంది.

పూర్తి లాకర్: డెట్రాయిట్ లాకర్ లాంటివి. ఇంజను బలం పడితే రెండు చక్రాలూ ఒకటే. దీని గురించే నా పోట్లాటంతా.

"మగాడి బండికి లాకరే ఉండాలి" అనేవాళ్ళకి ఒక ప్రశ్న. టైరుకున్న పట్టు నెల జీతం లాంటిది. ముందుకి తోయడానికి ఖర్చుపెట్టినది పోగా మిగిలినదే పక్కకి జారకుండా ఆపడానికి. మామూలు డిఫరెన్షియల్‌తో తడిరోడ్డు మలుపులో కాస్త ఎక్కువ యాక్సిలరేటర్ ఇస్తే ఒక చక్రం జీతమంతా తగలేసుకుని గిరగిర తిరుగుతుంది, కానీ రెండోది పొదుపుగా ఉండి తోకని పట్టి ఉంచుతుంది. లాకర్‌తో రెండూ కలిసే తగలేస్తాయి. అప్పుడు తోకని పట్టుకునేది ఎవరు? పైగా ఖాళీ పికప్‌లో బరువంతా ముందే, వెనక ఇరుసు మీద ఉండేది తక్కువ. 1972 బండిలో ఏబీఎస్ లేదు, స్టెబిలిటీ కంట్రోల్ లేదు, తప్పు సరిదిద్దే కంప్యూటర్ లేదు. వానలో మలుపులో లాకర్ పట్టుకుని వదిలిన క్షణాన బండి మూతి ఎటు తిరుగుతుందో డ్రైవరుకి కూడా ముందు తెలియదు. పక్క సీట్లో పిల్లాడు కూర్చున్న బండి అది.

లాకర్ చెడ్డదని కాదు. గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవర్ని అడగండి. ఒక చక్రం బురదలో కూరుకుపోతే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాడు, తిన్నగా బయటికొస్తాడు, మలుపు తిప్పేముందు వదిలేస్తాడు. ఏ మాన్యువలూ చదవకపోయినా ఆయనకి తెలుసు, లాక్‌తో మలుపు తిప్పకూడదని. ఎప్పుడు వేయాలో ఎప్పుడు తీయాలో ఆయన చేతిలో, కాదు, కాలిలో ఉంది. రోడ్డు మీద తిరిగే పికప్‌లో ఆటోమేటిక్ లాకర్ వేయించుకున్నవాడికి ఆ నిర్ణయం చేతిలో లేదు. రాళ్ళగుట్టలెక్కేవాళ్ళు, రేసులాడేవాళ్ళు వేయించుకోండి, మీ పని అది. శనివారం కాఫీకి, ఆదివారం హోమ్ డిపోకి వెళ్ళే బండికి ఎందుకు?

"మరి పోజీతో కూడా రెండు చక్రాలూ జారతాయిగా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జారతాయి. అందుకే గట్టిగా బిగించిన క్లచ్ రకం కన్నా గేర్ల రకం రోడ్డుకి మేలంటాను. అది ఠక్కున పట్టదు, నెమ్మదిగా పంచుతుంది. మంచు ప్రాంతాల్లో బోటు లాక్కెళ్ళి తడి ర్యాంపు మీంచి పైకి లాగాల్సినవాళ్ళకి, పచ్చిక పొలంలోకి బండి దింపేవాళ్ళకి దానితో నిజంగా ఉపయోగం ఉంది. ఈ పనులేవీ లేనివాళ్ళు ఆ డబ్బుతో ముందు మంచి టైర్లు వేయించండి. పదేళ్ళనాటి గట్టిపడ్డ టైర్ల మీద ఏ డిఫరెన్షియల్ పెట్టినా, లేని జీతాన్ని పంచడమే.

"మరీ ఇంత శాస్త్రం అవసరమా, అందరూ పోజీ అంటున్నారు, మేమూ అంటాం" అనేవాళ్ళూ ఉన్నారు. అనండి, మాటకేం పోయింది. కానీ ఆర్డరిచ్చే ముందు ఇరుసు ఏది, రేషియో ఎంత, యాక్సిల్ కాడకి ఎన్ని పళ్ళున్నాయి, ఈ మూడూ కాగితం మీద రాసుకుని తయారీదారు పట్టికతో సరిచూసుకోండి. రేషియో ఒక హద్దు దాటితే క్యారియరే మారిపోతుంది, కాబట్టి రింగ్ గేర్, క్యారియర్ జంట కలుస్తుందో లేదో ముందే చూడండి. వేయించాక కంపెనీ చెప్పిన నూనే పోయండి. ట్రూట్రాక్‌లో మాడిఫయర్ పోస్తే దాని పని చెడగొట్టినట్టే, క్లచ్ రకంలో పోయకపోతే దానికి గొంతునొప్పి. వెనక రెండు టైర్లూ ఒకే సైజుండాలి. లేకపోతే తిన్నని రోడ్డు మీద కూడా క్లచ్ పలకలు రోజంతా అరుగుతూనే ఉంటాయి.

ఎవరైనా "పోజీ ఉంది" అంటే ఇకనుంచి ఒకటే జవాబివ్వండి: "సంతోషమండీ, పళ్ళెం, రెంచి నేనే తెచ్చుకున్నాను, మూత తీద్దామా?"